లేవన్న పాలు

అమీర్‌పేటలో ఏ ఇంట్లో కాన్పు జరిగినా, మంత్రసాని చేతులు కడుక్కుని వెళ్లాక గడప తొక్కే మొదటి మనిషి చిలకమ్మ. ఆమెను ఎవరూ పిలవనక్కర్లేదు. పురిటి గది నుంచి సాంబ్రాణి పొగ గల్లీలోకి వచ్చిందంటే చాలు, కొంగు నడుముకు దోపుకుని బయల్దేరేది. పిల్ల రొమ్ము పట్టడం లేదంటే తల కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపేది. "కొస ఒక్కటి నోట్లె పెడితె ఏం తాగుతది? నల్లగున్నదంత నోట్లకు పోవాలె" అని బాలింతను కసిరేది. రొమ్ము గడ్డకడితే వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, వేళ్లతో పైనుంచి కిందికి నిమురుతూ, గడ్డ మెత్తబడేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. ఇక బాలింతకు నీళ్లు తాగనివ్వని అత్తలు కనబడితే వాళ్ల పని అయిపోయినట్టే. "అది తాగే నీళ్లే గద పిల్లకు పాలయ్యేది. జర తాగనియ్యి దాన్ని" అని వాళ్ల ఇంట్లోనే నిలబడి వాళ్లను దులిపేసేది.

పాలు పడటం లేదని ఏడ్చిన ఆడది చిలకమ్మ చేతిలో పడితే, కొన్నాళ్లలోనే రవికలు తడిసిపోతున్నాయని మొర పెట్టుకునేది. అందుకే ఆ గల్లీలో ఆమె మాటకు తిరుగు లేదు. చిలకమ్మ ఉన్నాయంటే పాలున్నట్టు, లేవంటే లేనట్టు. ఎవరూ మళ్లీ చూసుకునేవాళ్లు కాదు. అలా ఒక్కరన్నా చూసుకుని ఉంటే ఎంత బాగుండేదో.

వాళ్లది సిద్దిపేట వైపు పద్మశాలి కుటుంబం. మగ్గం కూడు పెట్టడం మానేశాక కొడుకు శివరాములు కుట్టుపని నేర్చుకుని తల్లిని వెంటబెట్టుకుని పట్నం చేరాడు. జర్మనీ యుద్ధం మొదలయ్యాక బేగంపేట వైపు సిపాయిలకు ఖాకీ బట్టలు కుట్టే పని దండిగా దొరికింది. తెల్లారింది మొదలు ఆ ఇంట్లో మిషన్ చప్పుడే. కోడలు చంద్రమ్మ నోట్లో నాలుక లేని పిల్ల. చిలకమ్మకు కూతుళ్లు లేరు. కోడలి తల దువ్వుతూ, "నా కడుపున పుట్టాల్సినదానివి, దారి తప్పి ఇంకో ఇంట్ల పుట్టినవ్" అని మురిసిపోయేది. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విని ఆమెను గయ్యాళి అత్త కింద జమకట్టొద్దని. అంత ప్రేమ లేకపోతే అంత తప్పు చేసేదీ కాదు.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు చంద్రమ్మకు తొలి కాన్పు అయింది. మగపిల్లవాడు. పుట్టగానే ఏడ్చాడు, అందరూ సంతోషపడ్డారు. పురిటి స్నానమైనా కాకముందే ఒళ్లు నీలమై, మూలిగి మూలిగి పోయాడు. ఎందుకు పోయాడో మంత్రసాని చెప్పలేదు, వైద్యుడు చెప్పలేదు. శివరాములు గుడ్డలో చుట్టుకుని తీసుకుపోయి పూడ్చి వచ్చాడు.

పిల్లవాడు పోయిన సంగతి పాలకేం తెలుసు? అవి వాటి వేళకు వచ్చాయి. చంద్రమ్మ రవిక మార్చిన కాసేపటికే మళ్లీ తడిసేది. రొమ్ములు రాళ్లలా బిగిసి, చెయ్యెత్తితే ప్రాణం పోయేది. చిలకమ్మ కాపడం పెట్టి, కొంచెం కొంచెం గిన్నెలోకి పిండి, ఎవరూ తొక్కని చోట మొక్క మొదట్లో పోసి వచ్చేది. వచ్చి తలుపు మూలన కూర్చుని ఏడ్చేది.

నడిమి గోడకు అవతల నర్సింహులు ఇల్లు. పంజగుట్ట వైపు నుంచి బండి మీద రాయి తోలే మనిషి. అతని భార్య బుచ్చమ్మ కూడా అదే వారంలో ఆడపిల్లను కన్నది. కన్న మర్నాటి నుంచి ఆమెకు జ్వరం. ఒంటి మీద తెలివి లేదు, పాలు లేవు. ఆ పిల్ల ఏడుపు గోడ దాటి వచ్చేది. అది గుక్కపట్టినప్పుడల్లా ఇవతల చంద్రమ్మ పెదవి కొరుక్కుని చేతులు రెండూ గుండెలకు అదుముకునేది.

ఒక పొద్దున చంద్రమ్మ పెరట్లో స్నానానికి వెళ్లినప్పుడు నర్సింహులు తల్లి లచ్చమ్మ వచ్చింది. వచ్చి అరుగు మీద కూర్చుంది. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న ఇంటికొచ్చి పాలు అడగాలంటే ఎవరికైనా నోరెలా వస్తుంది? కొంగు అంచు మెలిపెట్టీ మెలిపెట్టీ చివరికి అడిగింది.

"చిలకమ్మక్కా, అడగరాదు గాని అడుగుతున్న. మా బుచ్చమ్మ ఒళ్లు పెనం లెక్క కాలుతుంది. పాలు సుక్క లేవు. పిల్ల నోరెండుకపోతుంది. మీ చంద్రమ్మ జర పట్టిస్తె బతుకుతది. కులం సూడం, ఏం సూడం. నీ కాళ్లు మొక్కుత."

 చిలకమ్మ గుండెలో పాత పుండు ఒకటుంది. సిద్దిపేటలో కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఆమెకూ తొలి బిడ్డ దక్కలేదు. అదే ఇంట్లో తోడికోడలికి పాలు చాలకపోతే ఆ బిడ్డకు చిలకమ్మే పట్టింది. ఎంత సంబరంగా పట్టిందో. ఆ బిడ్డ కొన్నాళ్లకు విరేచనాలు పట్టుకుని పోయింది. ఇంట్లో ఎవరో అన్నారు, పిల్ల సచ్చిన తల్లి పాలు, ఇసం గాక ఏమైతయని. అన్నవాళ్లు అని ఊరుకున్నారు. మాట మాత్రం ఊరంతా తిరిగింది. శివరాములు పుట్టి, అవే పాలు తాగి దుక్కలా పెరిగినా ఆ మాట చావలేదు. ఆమె ఎదురొస్తే చంటిపిల్లల తల్లులు బిడ్డ మీద కొంగు కప్పుకునేవాళ్లు. పట్నం వచ్చాకనే ఆమెకు ఆ పేరు వదిలింది. ఇక్కడ పిలవకపోయినా బాలింతల ఇళ్లకు పరుగెత్తడం ఎందుకనుకున్నారు? అది ఆ మాటకు జవాబు చెప్పుకోవడమే.

ఇప్పుడు లచ్చమ్మ మనవరాలు. ఆ పిల్లను నిన్ననే చూసింది, నిలిచే వాటం కాదు. రేపు చంద్రమ్మ పాలు తాగుతూ తాగుతూ పోయిందనుకో. లచ్చమ్మ అనకపోవచ్చు, గల్లీ అంటుంది. తన కోడలు కూడా జన్మంతా ఆ పేరు మోస్తుంది. వద్దు, ఏమైనా సరే అది మాత్రం వద్దు అనుకుంది చిలకమ్మ.

"ఏడియి పాలు లచ్చమ్మా? పిలగాడు పోయిన్నాడే ఎండిపోయినయి. దుఃఖానికి పాలు నిలుస్తయా? ఉంటే నువ్వు అడిగేదాక ఉంటనా?"

లచ్చమ్మ తల ఊపింది. "అవు అక్కా. నీకు తెల్వంది ఏముంది" అంది. ఇంకొకరు చెబితే, ఒక్కసారి పిల్లను పెట్టి చూద్దామనేదేమో. చెప్పింది చిలకమ్మాయె. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కాసేపు ఏడ్చారు. చెప్పింది అబద్ధమే గాని చిలకమ్మ ఏడుపు అబద్ధం కాదు.

అదే సాయంత్రం చిలకమ్మ పొయ్యి ముందు కూర్చుంటే చంద్రమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి పక్కన చేరింది.

"అత్తా, గా పిల్ల పొద్దటి సంది ఏడుస్తనే ఉంది. అది ఏడ్చినప్పుడల్ల నాకు పాలు చేపుతున్నయి. జర తెచ్చుకుందమా? దాని ఆకలి తీరుతది, నా బరువు సుత దిగుతది."

తెచ్చుకుందమా అన్నప్పుడు ఆ గొంతులో ఎన్నాళ్లకో కాస్త ప్రాణం వినబడింది. చిలకమ్మ కట్టెలు ఎగదోస్తూ తలెత్తలేదు. వద్దంటే ఎందుకని అడుగుతుంది. సిద్దిపేట సంగతి చెబితే, ఎవరేమన్నా ఫికర్ లేదు నేను పడతానంటుంది ఈ పిచ్చి పిల్ల. ఆ పక్కవాళ్లే వద్దన్నారంటే ఇక మాట్లాడదు. అలా అనుకుని నోరు తెరిచేసరికి, ఏళ్ల తరబడి గొంతులో ముల్లులా ఉన్న మాటే బయటికి వచ్చింది.

"నేనడిగిన బిడ్డా. వాళ్లు వద్దన్నరు. పిల్ల సచ్చిన తల్లి పాలు మాకొద్దన్నరు."

అన్నాక నాలుక కొరుక్కుంది, ఏం లాభం? చంద్రమ్మ పొయ్యిలోంచి జారిన పుల్లను లోపలికి తోసింది. "గట్లన్నరా" అంది. కొంగు గుండెల మీదికి లాక్కుని, "అయితె ఇంకెందుకత్తా ఇవి. ఎండబెట్టు" అంది.

పాలు మాన్పాలంటే మల్లెపూలు కట్టడం మనవాళ్లకు తెలిసిందే. శివరాములు బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గరికి పోయి పూలు తెచ్చాడు. అన్ని పూలు ఒక్కడే కొంటుంటే పూలమ్మే ఆమె ఊరుకుంటుందా? "పెండ్లాం మీద గింత పావురమా భాయ్" అని అతని ప్రేమకు ముచ్చటపడి నవ్వింది. శివరాములు కూడా నవ్వినట్టు ముఖం పెట్టి, ఆకులో చుట్టిన పూలు చంకన పెట్టుకుని వచ్చాడు. తల్లి చేతిలో పెట్టి మిషన్ ముందు కూర్చున్నాడు గాని చక్రం తిప్పలేదు.

మెత్తటి నేత గుడ్డలో పూలు పరిచి, చిలకమ్మ కోడలి రొమ్ముల మీద బిగించి కట్టింది. వాడగానే విప్పి కొత్త పూలు పెట్టి మళ్లీ కట్టింది. ఇల్లంతా పెళ్లివారి ఇల్లులా గుబాళించింది. చంద్రమ్మ చేతులు పైకెత్తి, ముఖం పక్కకు తిప్పుకుని, ఎలా తిప్పితే అలా తిరిగింది. నొప్పి అని కూడా అనలేదు.

ఇక గోడ అవతల చిలకమ్మ చేసిన సేవ అంతా ఇంతా కాదు. ఆవు పాలలో కాచిన నీళ్లు కలిపి, ఉగ్గుగిన్నెతో ఎలా పట్టాలో లచ్చమ్మకు నేర్పింది. పిల్లను ఒళ్లో ఏటవాలుగా పెట్టుకుని చుక్క చుక్కగా తానే పట్టింది. సగం మింగేది, సగం కక్కేది. బుచ్చమ్మకు తెలివి వచ్చినప్పుడల్లా పిల్లను ఆమె రొమ్ముకు అందించి చూసింది. అక్కడ ఏమీ రాక పిల్ల ఇంకా ఏడ్చేది. "కడుపు కాలినా మాకోసం ఎంత తిప్పలు పడుతున్నవ్ అక్కా" అని లచ్చమ్మ అంటే చిలకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. "పొగడ్తలు ఆపి గిన్నె కడుగు పో" అని కసిరేది. లచ్చమ్మ పాపం అది పెద్దరికం అనుకునేది.

ఒక మధ్యాహ్నం పిల్లకు ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. పెదవులు పగిలి, మాడు లోపలికి పోయింది. చిలకమ్మ ఇక తట్టుకోలేకపోయింది. గబగబా ఇంటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, చంద్రమ్మ కట్టు విప్పింది. వాడిన పూలు ఒళ్లో రాలాయి. రెండు వేళ్లతో మెల్లగా అదిమి చూసింది. చాలాసేపటికి ఒక చుక్క వచ్చి నిలిచింది.

ఆ చుక్క చాలు. పిల్ల నోరు పడితే పోయిన పాలు తిరిగి వస్తాయని ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఎంతమందికి తెప్పించలేదు?

"బిడ్డా, ఇప్పటికన్న దానికి పట్టిస్తవా? నేను తీస్కొస్త."

చంద్రమ్మ రవిక లాక్కుని కప్పుకుంది. "వద్దత్తా. వాళ్లు అన్నది నిజమే కావచ్చు. నా పాలు మంచియి కావేమో. మా పిలగాడు సుత గందుకే పోయిండేమో. మల్ల గా పిల్లను సుత నేనే సంపుకోవాల్నా?"

కోడలు ఏ మాట పడకూడదని అబద్ధమాడిందో, ఆ మాట ఎవరూ అనకుండానే, కోడలు తనంతట తానే మీద వేసుకుని కూర్చుంది. వేసింది ఎవరు? చిలకమ్మ నోరే. ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. వాళ్లు అనలేదు బిడ్డా, అన్నది నేను అని చెప్పడం. గట్టిగా ఊపిరి తీసుకుంటే అయిపోయే మాట. చిలకమ్మ నోరు తెరిచింది కూడా. చంద్రమ్మ ఆమె వైపు చూస్తోంది. ఆ చూపులో అత్త మీద ఉన్న నమ్మకం చూసి, ఇది పోతే నాకింకేముందని భయపడింది. లచ్చమ్మకు తెలిస్తే గల్లీలో తలెత్తుకోగలనా అని కూడా అనుకుంది. ఆ రెండో సంగతి అనుకున్నందుకు తర్వాత చానాళ్లు తనను తాను తిట్టుకుంది. గల్లీలో తల దించుకుంటే ఏమయ్యేది? తల ఏమన్నా అరిగిపోయేదా? గోడ అవతల పసిప్రాణం, గోడ ఇవతల కోడలి మనసు, రెండూ ఆమె నాలుక చివరన ఉన్నాయి. ఆ నాలుక కదల్లేదు. మిగిలిన పూలు పరిచి, కట్టు మళ్లీ బిగించింది.

ఆ పిల్లను బతికించింది సీతాబాయి. బంజారా గుట్టల మీది తండా మనిషి. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని, చంటివాణ్ణి వీపున కట్టుకుని, పంజగుట్ట మీదుగా దిగి వచ్చి అమీర్‌పేట ఇళ్లలో కట్టెలమ్మేది. ఆ వేళ లచ్చమ్మ వాకిట్లో మోపు దించి, లోపల మూలుగు విని, ఎవరినీ ఏమీ అడక్కుండా పోయి పిల్లను ఎత్తుకుని పాలు పట్టింది. పిల్ల మొదట మరిచిపోయిన దానిలా ఊరుకుంది. తర్వాత ఒక్కసారిగా అందుకుంది. లచ్చమ్మ ఆ ఒళ్లోనే తల పెట్టి ఏడ్చింది. రోజూ దిగి రావడం తనవల్ల కాదని, బుచ్చమ్మ కోలుకునేదాకా పిల్లను తండాలో ఉంచుకుంటానని సీతాబాయి అంది. నర్సింహులు సరేనని బండి కట్టాడు.

అత్తాకోడళ్లిద్దరూ వాకిట్లో నిలబడి ఆ బండి పోవడం చూశారు. చిలకమ్మ ప్రాణం కుదుటపడింది. ఆ పని తన కోడలు చెయ్యాల్సిందని లోపల ఎక్కడో భగ్గుమంది కూడా.

"తండా ఆమె పాలైతె పట్టించుకున్నరు" అంది చంద్రమ్మ. ఆ మాటలో కోపం లేదు. "ఆమె పిలగాడు బతికే ఉన్నడు గద" అని తానే జవాబు చెప్పుకుని లోపలికి పోయింది.

చంద్రమ్మ పాలు పూర్తిగా ఆరిపోయాయి. పనులు చేసుకునేది, తినమంటే తినేది, పిలిస్తే పలికేది. గల్లీలో చంటిపిల్ల ఎదురైతే మాత్రం పక్కకు జరిగి నిలబడేది. ఎవరైనా ఎత్తుకొమ్మని అందిస్తే చేతికి తడి ఉందనేది, మసి ఉందనేది. చిలకమ్మ అన్నీ చూసేది. ఈ దినం చెబుతాను, రేపు చెబుతాను అనుకునేది. కాన్పులైన ఇళ్ల నుంచి సాంబ్రాణి పొగ వచ్చినా ఇప్పుడు ఆమె బయల్దేరడం లేదు. మోకాళ్ల నొప్పులంటే అందరూ నమ్మారు. ఆమె ఏం చెప్పినా నమ్మే అలవాటు వాళ్లకు పోలేదు మరి.

వానలు పడ్డాయి. ఆషాఢం వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మకు బోనం తీసే నాడు సీతాబాయి పిల్లను ఎత్తుకుని గుట్ట దిగింది. బుగ్గలు, తొడల మడతలు, నెత్తినిండా జుట్టు. అదే పిల్ల అంటే, జ్వరం తగ్గి కోలుకున్న కన్నతల్లి బుచ్చమ్మే నమ్మలేదు. వాకిట్లో ఆడవాళ్లు చేతులు మార్చి చేతులు ఎత్తుకున్నారు. లచ్చమ్మకు పట్టరాని సంబరం. పిల్లను లాక్కుని గోడ చుట్టూ తిరిగి చిలకమ్మ ఇంటికి తెచ్చి, "సూడక్కా నీ మనుమరాలిని" అంటూ, తప్పుకునే వ్యవధి ఇవ్వకుండా చంద్రమ్మ ఒళ్లో పెట్టేసింది.

చంద్రమ్మ చేతులు వెనక్కి తీసుకోబోయింది. "నేను పట్టుకుంటె మీరేమనుకోరా?" అంది.

"ఏమనుకుంటం బిడ్డా? ఇది నీ పాలు తాగి పెరగాల్సింది. మీ పిలగాడు పోయిన వారంల నువ్వు తానానికి పోయినప్పుడొచ్చి మీ అత్త కాళ్లు మొక్కినగద, మీ కోడలితోని జర పాలు పట్టియ్యమని. అప్పటికే నీకు ఎండిపోయినయంటె ఏం చేస్తం? ఇద్దరం గీ అరుగు మీదనే కూసోని ఏడ్సినం. నీకు చెప్పలేదా మీ అత్త?"

చిలకమ్మ చేతిలో బోనానికని కడుగుతున్న కుండ ఉంది. కడగడం ఆగింది. చంద్రమ్మ అత్త వైపు చూడలేదు. లచ్చమ్మనే చూస్తూ, ఒక్కో మాటా పట్టి పట్టి అడిగింది.

"నువ్వే అచ్చి అడిగినవా పెద్దమ్మా? నా పాలే కావాలన్నవా?"

"అడగకుంట ఎట్లుంట బిడ్డా? పిల్ల పానం పోతుంటె."

అంతలో ఒళ్లో పిల్ల మెసలింది. ఆకలి వేళ అయినట్టుంది. ముఖం ఇటు తిప్పి, చంద్రమ్మ రవికను పిడికిట్లో పట్టుకుని, నోరు తెరిచి వెతకడం మొదలుపెట్టింది. దొరక్క ఒక్కసారి ఏడ్చి, మళ్లీ వెతికింది. "ఎవ్వరి ఒళ్లెకు పోయినా గదే దీనికి" అని లచ్చమ్మ నవ్వింది.

చంద్రమ్మ పిల్ల తల కింద చెయ్యి సరిగ్గా పెట్టుకుని, అప్పుడు తలెత్తి అత్తను చూసింది.

"పాలు లేవని దీనికి సుత నువ్వే చెప్పు అత్తా."